చిలకలపూడి చెవి

"వాడు పాడుతున్నానంటాడు అన్నయ్యా. నాకైతే జబ్బుచేసిన గేదె మూలిగినట్టుంది. నువ్వోసారి హైదరాబాదు వెళ్ళి చూసిరా."

నాగాయలంకలో వాకిట్లో పీట వేసుకుని, రొయ్యల పచ్చడి సీసాకి గుడ్డ కడుతూ మా చెల్లెలు అన్న మాట ఇది. సీసా వాళ్ళబ్బాయికి. ఇరవై నాలుగేళ్ళ మా మేనల్లుడు గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు, శనాదివారాలు ఓ బ్యాండులో పాడతాడు. చెల్లెలు ఫోను నా చేతికిచ్చింది. అరనిమిషం విన్నాను. పోలిక కుదరలేదు. గేదె మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటుంది.

అరుగు మీద వాళ్ళత్తగారు చేటలో బియ్యం ఏరుతున్నారు. తలెత్తకుండానే "గాలిలా ఉంది" అన్నారు. ఏ గాలి అని మేం అడగలేదు. దివిసీమలో ఆ వయసువాళ్ళు గాలి అంటే ఏ సంవత్సరమో అడగక్కర్లేదు. 1977 నవంబరు 19, శనివారం. సముద్రం ఊళ్ళ మీదికి లేచి వచ్చిన రోజు. పదివేల మందికి పైగా పోయారు. అప్పటికి ఆవిడకి ఇరవై ఏళ్ళు. రెండేళ్ళ మా బావగారిని చీరతో వీపుకి కట్టుకుని తాడిచెట్టుని కావలించుకుని బతికారు. ఈ సంగతి ఆవిడ నోట ఎప్పుడూ వినలేదు. ఊళ్ళోవాళ్ళు చెబితే తెలిసింది.

పచ్చడి సీసా సంచిలో నిలబెట్టుకుని బందరు బస్సెక్కాను. పులిగడ్డ దగ్గర అక్విడక్టు కనబడితే నేనిప్పటికీ కిటికీలోంచి తల బయటపెడతాను. కింద కృష్ణ పాయ, దాని నెత్తిన కాలువ. తర్వాత మోపిదేవి, చల్లపల్లి. ఈ దారికి కాస్త పక్కనే కూచిపూడి, ఇంకాస్త అవతల క్షేత్రయ్య మొవ్వ. పాటకీ ఆటకీ పేరుపడ్డ నేల. ఇలాంటి చోట పుట్టిన కుర్రాడికి ఆ గొంతు ఎక్కడినుంచి వచ్చిందా అని దారంతా ఆలోచించాను. ఆలోచన బందరు దాకా సరిపోయింది కానీ జవాబు దొరకలేదు.

నాది చిలకలపూడి. రోల్డ్ గోల్డ్ పని. ఇప్పుడు పోతేపల్లిలో ఇమిటేషన్ నగల పార్కు వచ్చి పెద్ద పెద్ద యూనిట్లు అటు చేరాయిగానీ, నేను మాత్రం ఇంటి వెనక షెడ్డులోనే ఉండిపోయాను. మా భాషలో మెటల్ అంటే నగ లోపలుండే రాగీ ఇత్తడీ. పైన మెరిసేది పూత. మెటల్ శుభ్రంగా లేకపోతే పూత నిలవదు, మూడో పెళ్ళికే నగ నల్లబడుతుంది. అందుకని మేనల్లుడు మొదటిసారి "నేను పాడేది మెటల్ మామయ్యా" అన్నప్పుడు, వీడికి మన పని మీద ఇష్టం కలిగిందేమోనని లోపల్లోపల సంతోషించాను.

మా షెడ్డులో నిశ్శబ్దం ఉండదు. కమ్మచ్చులోంచి తీగ లాగుతుంటే కీచుమంటుంది. ప్రెస్సు అచ్చు మీద పడితే నేల అదురుతుంది. పాలిష్ చక్రం ఒకటే రొద. ముప్పై ఏళ్ళుగా వీటి మధ్య మాట్లాడీ మాట్లాడీ ఇంట్లో కూడా అరుస్తానని మా ఆవిడ ఫిర్యాదు. పంతొమ్మిదో ఏట, ఇప్పుడు ఆనవాలైనా లేని ఒక షెడ్డులో, ప్రెస్సు కింద నా ఎడమచేతి చూపుడువేలి కొస పోయింది. ఈ మేనల్లుడు చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకి వచ్చి, నిద్రపోయేటప్పుడు ఆ మొండివేలే పట్టుకునేవాడు. మిగతావి ఇస్తే వద్దనేవాడు.

రాత్రి బందరులో బీదర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. రైలు పెడన దాటుతుంటే కలంకారీవాళ్ళు గుర్తొచ్చారు. గుడ్డ మీద అచ్చు పెట్టి పిడికిలితో ఓ గుద్దు, మళ్ళీ అచ్చు, మళ్ళీ గుద్దు. వాళ్ళ పనికీ ఓ తాళం ఉంది. గుడివాడలో బండి ఆగితే టీ తాగడానికి దిగాను. అవతల ప్లాట్‌ఫాం మీద ఎవరి ఫోనులోంచో ఘంటసాల పాట. ఘంటసాల వెంకటేశ్వరరావు పుట్టింది ఈ పక్కనే చౌటపల్లిలో, 1922 డిసెంబరు 4న. మా చెవులన్నీ ఆయన గొంతుతో తయారైనవే. గుడివాడ స్టేషన్లో నిలబడి ఆ గొంతు వింటూ, సంచిలో పచ్చడితో, ఆయన ముఖం చూడడానికి కూడా ధైర్యం చాలని పాట వినడానికి పోతున్నానే అనుకున్నాను. టీ బాగుంది. అది తాగి ఎక్కి పడుకున్నాను.

సికింద్రాబాదులో మేనల్లుడు వచ్చాడు. జుట్టు వీపు దాకా పెంచి ముడేశాడు. మా చెల్లెలి జడ పెళ్ళప్పుడు అంత లేదు. పచ్చడి సీసా తీసుకుని ముందు మూత విప్పి వాసన చూశాడు. ఇరానీ హోటల్లో కూర్చోబెట్టి, ఉస్మానియా బిస్కెట్టు చాయ్‌లో ముంచుకుంటూ, నా మొండివేలి వంక చూసి మొదలుపెట్టాడు.

"ఈ సంగీతం మొదలుపెట్టినాయనకి కూడా వేళ్ళు లేవు మామయ్యా."

ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ అనే ఊరుందిట. గుండీలు, బకిల్సు, గిల్టు సామాన్లు చేసి దేశాలకి పంపిన ఊరు. నగలపనివాళ్ళకి అక్కడ ఓ పేటకి పేటే ఉంది. ఆ ఊరి పేరే వంకరపోయి 'బ్రమ్మజెమ్' అనే మాట పుట్టింది. దానర్థం చవకబారు తళుకు సరుకు. మనవాళ్ళు "చిలకలపూడి బంగారం" అని మూతి తిప్పినట్టన్నమాట. ఆ ఊళ్ళో టోనీ ఐయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రాడు రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఉద్యోగం మానేస్తున్న ఆఖరి రోజున ప్రెస్సు పడి కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం వాడు కాబట్టి తీగలు నొక్కాల్సింది ఆ వేళ్ళతోనే. గిటారు ఇక లేదన్నారు. వాడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేలికొసలకి టోపీలు చేసుకున్నాడు, పైన తోలు అతికించాడు. నొక్కడానికి నొప్పిగా ఉంటే తీగల్ని వదులు చేశాడు. వదులు చేస్తే శబ్దం కిందికి దిగింది. బరువెక్కింది.

"అదీ బ్లాక్ సబ్బత్. మొదటి ఆల్బం 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. మెటల్ అంతా అక్కణ్ణుంచే."

నేనేం మాట్లాడలేదు. వేలికి టోపీ అనగానే, దెబ్బ తగిలిన కొత్తలో నేను చొక్కా గుడ్డలో దూది కూరి కుట్టుకున్న తొడుగు గుర్తొచ్చింది. దాంతో తీగ పట్టు ఎంత తప్పేదో, మళ్ళీ పట్టు దొరకడానికి ఎన్ని నెలలు పట్టిందో నాకు తెలుసు. వాడు చెప్తున్నది పాటగాళ్ళ కథ అనిపించలేదు, మా షెడ్డు సంగతిలా ఉంది.

తర్వాత వచ్చినవాళ్ళు ఒకరిని మించి ఒకరు వేగం పెంచారు, తీగలు ఇంకా దించారు, పాటగాడు పాడడం మానేసి గర్జించడం మొదలుపెట్టాడు. ఆ చివరికి పోయిన రకాలన్నిటినీ కలిపి ఎక్స్‌ట్రీమ్ మెటల్ అంటారట. ఆ బర్మింగ్‌హామ్ పక్కనుంచే వచ్చిన నేపామ్ డెత్ అనేవాళ్ళ 'యూ సఫర్' పాట నిడివి 1.316 సెకన్లు. ప్రపంచంలో అన్నిటికంటే పొట్టి పాటగా గిన్నిస్ పుస్తకానికెక్కింది. మేనల్లుడు ఫోనులో వినిపించాడు. చాయ్ కప్పు కింద పెట్టేలోగా అయిపోయింది. ఇంకోసారి పెట్టమన్నాను.

మన దేశంలో ఈ పిచ్చికి రాజధాని బెంగళూరు. 2007 మార్చి 17న అక్కడి ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఐరన్ మెయిడెన్ పాడారు, 2011 అక్టోబరు 30న మెటాలికా. 2012 నుంచి బెంగళూరు ఓపెన్ ఎయిర్ అని ఏకంగా మెటల్ తిరనాళ్ళే మొదలైంది. హైదరాబాదూ వెనకబడిలేదు. ఇక్కడి గాడ్‌లెస్ అనే డెత్ మెటల్ బ్యాండు 2016లో 'సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్', 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' విడుదల చేసింది. వీళ్ళెవరూ దీంతో మేడలు కట్టలేదు. పగలు ఉద్యోగం చేసుకుని, జీతంలోంచి డ్రమ్ము తాళాలు కొనుక్కుంటారు.

శనివారం సాయంత్రం హాలుకి వెళ్ళాం. మాదాపూర్ అవతల ఓ భవనం పై అంతస్తు. గోడ మీద పోస్టర్ ఉంది. నాలుగు బ్యాండ్లు. ఆ పేర్లు ఇక్కడ రాయలేకపోవడం నా తప్పు కాదు. ఒక్కో పేరూ తుమ్మకంప నరికి కుప్ప పోసినట్టుంది, అక్షరం ఎక్కడ మొదలైందో ముల్లు ఎక్కడ ముగిసిందో తెలియదు. "చదవడానికి కాదు మామయ్యా, గుర్తుపట్టడానికి" అన్నాడు. అదీ నిజమే. మా నగల మీద వేసే ముద్రలూ అంతే.

ఇంకా జనం రాలేదు. నేను స్టేజీ దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని పని చూశాను. నాలుగు బ్యాండ్లకీ డ్రమ్ముల సెట్టు ఒక్కటే. ప్రతి డ్రమ్మరూ తన తాళాలూ, పక్కనుండే చిన్న డ్రమ్మూ, కాలితో తొక్కే పెడళ్ళూ మాత్రం తెచ్చుకుంటాడు. కింద తివాచీ పరిచారు. పెద్ద డ్రమ్ము ముందుకి జారకుండా దానికి అడ్డంగా సిమెంటు ఇటుక పెట్టారు. ఒక కుర్రాడు మోకాళ్ళ మీద కూర్చుని డ్రమ్ముకి చుట్టూ ఉన్న మరలని ఒక్కోటీ పావు తిప్పు తిప్పడం, పుల్లతో అంచు దగ్గర తట్టడం, చెవి వంచి వినడం, మళ్ళీ ఎదురుగా ఉన్న మర తిప్పడం. పావుగంట అదే పని. అచ్చు బిగించేటప్పుడు మేమూ అంతే, ఎదురెదురు మరలే తిప్పుతాం. ఒకవైపే బిగిస్తే అచ్చు ఒరిగిపోతుంది. ఆ కుర్రాడి మీద నాకు మంచి అభిప్రాయం కలిగింది.

మేనల్లుడు చెవుల్లో పెట్టుకోమని స్పాంజి బిరడాలిచ్చాడు. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలు తట్టుకోవచ్చట, 100కి వెళ్తే పావుగంటే. నేను జేబులోంచి దూది తీసి చూపించాను. ప్రెస్సు దగ్గరికి వెళ్ళేవాడి జేబులో దూది ఉండకుండా ఉండదు. వాడు నవ్వి, బిరడాలే పెట్టుకోమన్నాడు.

ఎనిమిదింటికి మొదటి బ్యాండు ఎక్కింది. దెబ్బ చెవికి కాదు, ముందు పొత్తికడుపుకి తగిలింది. తర్వాత చొక్కా గుండీలకి. కుర్చీ కాళ్ళలోంచి, నేలలోంచి వస్తోంది. నాకు భయం వేయలేదు. అలవాటైన చోటికి వచ్చినట్టుంది. డ్రమ్మరు రెండు కాళ్ళతో పెడళ్ళు తొక్కుతున్నాడు. ఓ కాలు పడేలోపు ఇంకో కాలు లేస్తోంది. మా షెడ్డులో రెండు ప్రెస్సులు ఒకేసారి ఆడితే కాసేపు ఒకదాని వెంట ఒకటి పడి, కాసేపు కలిసిపోతాయి. ఆ కలిసే క్షణం కోసం మేం చేతిలో పని ఆపి వినేవాళ్ళం. ఈ కుర్రాళ్ళు ఆ క్షణాన్ని కావాలని పట్టుకొస్తున్నారు, అదీ నిమిషానికి రెండు వందల దెబ్బల మీద.

రెండో బ్యాండు పాటలు చప్పట్లు కొట్టేలోగా అయిపోయాయి. మూడోవాళ్ళు పూర్తిగా ఎదురు. నత్తనడక. ఒక్క తీగ మీటి అది చచ్చిపోయేదాకా వదిలేయడం, అప్పుడు ఇంకోటి. నాకు నచ్చలేదు. బయటికెళ్ళి మంచినీళ్ళు తాగొచ్చాను. వచ్చేసరికి అదే పాట నడుస్తోంది.

హాలు మధ్యలో కుర్రాళ్ళు గుండ్రంగా పరుగెడుతూ ఒకరినొకరు భుజాలతో గుద్దుకుంటున్నారు. మోష్ పిట్ అంటారు. దూరం నుంచి చూస్తే కొట్లాటే. దగ్గర్నుంచి చూస్తే వేరే. ఒకడు కింద పడ్డాడు. పడీ పడకముందే నాలుగు చేతులు చంకల కింద దూరి లేపేశాయి, లేపిన చేతులే మళ్ళీ గుద్దుకోవడం మొదలుపెట్టాయి. కాసేపటికి ఒకబ్బాయి చెయ్యి నిటారుగా పైకెత్తి నిలబడిపోయాడు. చేతిలో కళ్ళజోడు. చుట్టూ పదిమంది తిరుగుతూ గుద్దుతున్నా చెయ్యి దించలేదు. ఇంకొకడు గుడ్డివాడిలా తడుముకుంటూ వచ్చి అందుకున్నాడు. ఇద్దరూ మళ్ళీ దూకారు.

దసరాకి బందరు వీధుల్లో శక్తి పటాలు తిరుగుతాయి. కాళికాదేవి ముఖం తొడుక్కుని, డప్పుల మోతకి ఊగిపోతూ వస్తారు. చిన్నప్పుడు మా చెల్లెలు ఆ ముఖం చూసి నా చొక్కాలో దూరిపోయేది. ఊగేవాడు ఎంత ఊగినా వాణ్ణి పట్టుకునే చేతులు పక్కనే ఉంటాయి. పట్టుకునేవాళ్ళున్నారనే వాడంత ఊగుతాడు. ఇదంతా దేవి లేని శక్తి పటం అనుకున్నాను.

నాలుగోది మా వాడి బ్యాండు. స్టేజీ వెనక మెట్ల మీద కూర్చుని వేడినీళ్ళు గుక్కగుక్కగా తాగుతున్నాడు. నోరు మూసుకుని గొంతులో ఏదో సన్నగా రాపాడిస్తున్నాడు. "గొంతు చీల్చుకోవడం కాదు మామయ్యా. మాట్లాడే తీగలకి పైన ఇంకో జత మడతలుంటాయి. ఊపిరి కడుపులోంచి తోసి వాటిని అదిరించాలి. అరిస్తే రెండు పాటలకే గొంతు పోతుంది." ఎన్నాళ్ళు పట్టిందన్నాను. మూడేళ్ళన్నాడు. బండి మీద హెల్మెట్టులో సాధన చేసేవాడట. గదిలో చేస్తే ఇంటివాళ్ళు ఖాళీ చేయమన్నారట.

స్టేజీ ఎక్కి ముడి విప్పాడు. తర్వాత వచ్చిన గొంతుకీ, పొద్దున పచ్చడి వాసన చూసిన నోటికీ సంబంధం లేదు. కళ్ళు మూసుకుంటే అక్కడ మనిషి లేడు. మా షెడ్డులో పూత వేయకముందు సరుకుని గంపలో పోసి ఊపుతాం. మెరుపుండదు, రాగి రాగితో రాసుకునే శబ్దం ఒక్కటే. నేను విన్నది అదే. పూత వేయని మెటల్.

ఆఖరి పాట ఏడు నిమిషాలు. మాట ఒక్కటీ తెలియలేదు. ఏ భాషో కూడా తెలియలేదు. కానీ మధ్యలో డ్రమ్ములు ఒక్కసారి ఆగినప్పుడు, గిటారు ఒక్కటే సన్నగా హోరుమంటుంటే, వాడి గర్జనలోంచి ఒక మాట విడిగా జారి పడింది. సొర్లగొంది.

నేను బిరడాలు తీసేశాను. మళ్ళీ డ్రమ్ములు పడ్డాయి. ఇంకేం తెలియలేదు.

అర్ధరాత్రి దాటాక రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ తింటూ అడిగాను. స్టేజీ మీద నరకం చూపించిన పదిమందీ ప్లేట్లు పట్టుకుని చట్నీ కోసం వరసలో నిలబడ్డారు. ఒకడు సోమవారం పొద్దున ఆఫీసులో మీటింగుందని వాపోతున్నాడు.

"ఆ పాటలో మాటలేంటిరా?"

"మాటల్లేవు మామయ్యా. పేర్లే. సొర్లగొంది, గుల్లలమోద, పాలకాయతిప్ప, హంసలదీవి, బసవవానిపాలెం, మూలపాలెం. సముద్రం వైపు ఊళ్ళు. వరసగా చదువుతానంతే."

"మరి తెలుగువాళ్ళకైనా అర్థం కాకుండా ఎందుకు?"

ఇడ్లీ ముక్క చట్నీలో కాసేపు తిప్పాడు. "నానమ్మ కూడా చెప్పదు కదా. అడిగితే లేచి లోపలికెళ్ళిపోతుంది. అంత మామూలుగా పలకడానికి నాకు నోరు రాలేదు."

మర్నాటి రాత్రి రైలెక్కి బందరులో దిగాను. ఇంటికి కూడా వెళ్ళకుండా నాగాయలంక బస్సు పట్టుకున్నాను. చెల్లెలు గుమ్మంలోనే అడిగింది.

"ఏం చూశావన్నయ్యా?"

"గొంతు బాగానే ఉంది. వేడినీళ్ళు తాగుతున్నాడు. తాగుడు లేదు. డ్రమ్ము వాయించే కుర్రాడు పనిమంతుడు."

దానికి ఆ మాత్రం చాలు. కాఫీ పెట్టడానికి లోపలికెళ్ళింది. అరుగు మీద చేట పట్టుకుని అత్తయ్యగారు ఉన్నారు. చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించాను. "మీ మనవడు పాటలో మన ఊళ్ళ పేర్లు పెట్టాడండీ" అన్నాను.

"ఏ ఊళ్ళు?"

వాడు చెప్పిన వరసలోనే చెప్పాను. ఆవిడ బియ్యం మీంచి చెయ్యి తీయలేదు. లేచి లోపలికీ వెళ్ళలేదు. అన్నీ అయ్యాక, "ఊటగుండం చెప్పలేదా?" అన్నారు.

"లేదండీ."

"మా పుట్టిల్లు అదేగా బాబూ. మా అమ్మ, తమ్ముడు, చిన్నచెల్లెలు అక్కడే కదా. ఫోను చెయ్యి."

చేశాను. స్పీకరు పెట్టాను. విషయం చెబితే అటువైపు కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "ఆ వరసలో డ్రమ్ముకి ఖాళీ లేదు మామయ్యా, పేరు పట్టదేమో" అన్నాడు.

అత్తయ్యగారు ఫోను వైపు వంగారు.

"పట్టకపోవడమేంట్రా? నాలుగు దెబ్బలేగా." చేట అంచు మీద వేళ్ళతో కొట్టి చూపించారు. "ఊ. ట. గుం. డం." ఇంకోసారి కొట్టారు, ఈసారి గట్టిగా. చేటలో బియ్యం ఎగిరిపడ్డాయి.